మధులత కనపడడం లేదు

పోయిన ఏడు మిరపకోతల కాలంలో ఒకరోజు నేను తప్పిపోయానని మా బంధువులంతా నమ్మారు. ఇటు ఆత్మకూరు నుంచి అటు ఒంటిమిట్ట దాకా మావాళ్లున్న ప్రతి ఊళ్లోనూ నా ఫోటో ఫోన్లలో తిరిగింది. ఒకామె అహోబిలం నరసింహస్వామికి నా పేరు మీద మొక్కుకుందట. తర్వాత ఒక పెళ్లిలో ఎదురుపడినప్పుడు, "నీకోసరం మొక్కినా మధూ, ఆ మొక్కేదో నువ్వే పోయి తీర్చి రా" అని నవ్వుతూ చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది, అందుకే చెబుతున్నాను.

ఇంతకూ కారణమైన ఫోన్ నేను అడిగి తెప్పించుకున్నదే. మా ఆయన శివశంకర్‌కు ఆత్మకూరులో ఎరువుల అంగడి ఉంది. పొద్దున్నే పోతే పొద్దుగూకినాక వస్తాడు. ఊళ్లో సేద్యం నేనూ మా అత్త లక్ష్మీదేవమ్మా చూసుకుంటాం. మా పాప సాహితి కర్నూలులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. పాప మొహం చూస్తూ మాట్లాడుకోవచ్చని, కడపలో ఉండే మా చెల్లెలి బిడ్డ పాకుతుంటే చూడొచ్చని నాకు ఆశ. బటన్ల ఫోనుతో ఇంకెన్నాళ్లు అని సణగగా సణగగా, మొదటి కోత కాయ కళ్లంలో పడిన వారం ఆయన కొత్త ఫోన్ తెచ్చాడు. నా పాత ఫోన్ అత్తకు ఇచ్చాం. ఆమెకు పచ్చబటన్ నొక్కితే కొడుకు పలుకుతాడని తెలుసు, అంతే చాలు.

ఆ సాయంత్రం ఆయన మంచం మీద కూర్చుని ఫోన్‌లో ఏవేవో పెడుతుంటే నేను పక్కన నిలబడి చూశాను.

"ఇదేమి?" అన్నాను.

"మ్యాపు. నువ్వు యాడుండేది నాకు నా ఫోన్‌లో కనపడతాది. చేన్లల్లో ఒక్కదానివే తిరుగుతాంటావు. పామో పుట్రో, ఎండకు కండ్లు తిరిగి పడిపోతే ఎవరు చూడల్ల? ఇది ఉంటే నాకు రవ్వ ధైర్యం."

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పెళ్లయినప్పటి నుంచి నేను ఎండకు పడిపోతానేమో అని ఈయన ఆలోచించినట్టు నాకు తెలియదు. చెల్లెలికి చెబితే, "నీ అదృష్టం అక్కా. మాయన నేను బతికిండానో చచ్చినానో గూడ అడగడు" అంది.

కొన్నాళ్లు బాగానే గడిచింది. రంగు పోయిన తాలుకాయ ఏరేటప్పుడు ఫోన్ గంపకు ఆనించి పాటలు పెట్టేదాన్ని, కూలికి వచ్చిన ఆడవాళ్లు కూడా గొంతు కలిపేవాళ్లు. ఆకుముడత వస్తే ఫోటో తీసి పంపితే ఏ మందు కొట్టాలో ఆయన అంగడి నుంచే చెప్పేవాడు. సాహితి తన కంచంలో అన్నం ఎంత గట్టిగా ఉందో చూపించేది. ఇవన్నీ ఆ ఫోన్ ఇచ్చినవే, కాదనను.

తర్వాత ఆరాలు మొదలయ్యాయి.

ఒకరోజు కోత మధ్యలో ఫోన్ మోగింది. "ఆ తుమ్మచెట్ల కాడ యాల నిలబడినావు? శానా సేపయింది."

చేన్లో ఆడవాళ్లు తుమ్మచెట్ల వెనక్కు దేనికి పోతారు? సేద్యగాడి ఇంట్లో పుట్టినవాడికి ఆ సంగతి తెలియదా? "పనుండి వచ్చినా" అన్నాను. "ఏం పని?" అన్నాడు. చెప్పాను. నోరు తెరిచి, ఆ మాట, ఫోన్‌లో, గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అవతల సాళ్లలో ఉన్న మార్తమ్మ విన్నది. మార్తమ్మ మా చేన్లో కోతలకు వచ్చే ముఠాకు పెద్ద, నోరున్న మనిషి.

"ఏమి మధమ్మా, ఉచ్చకు పోవల్లన్నా అర్జీ పెట్టుకోవల్లనా?" అంది. అందరూ ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత వీడియోలు. "రవ్వ వీడియో పెట్టు. పక్కన ఎవరుండారు? ఆ గొంతెవరిది? ఫోన్ అట్ల తిప్పు." నేను ఫోన్ పట్టుకుని కళ్లం అంతా తిప్పి చూపించేదాన్ని. మోకాళ్ల దాకా చీరలు ఎగదోపుకుని పనిచేసే ఆడవాళ్లు, నా ఫోన్ తిరిగే వైపల్లా గబగబా చీరలు దించుకునేవాళ్లు. నేను దగ్గరికి పోతే మాటలు ఆగిపోయేవి. చివరికి మార్తమ్మే మొహమాటం లేకుండా చెప్పింది.

"దాన్ని యాడన్నా పెట్టి రా మధమ్మా. నువ్వొస్తే మేము మాట్లాడుకోలేకపోతాండాం. నీ మొగుడు మా నడుమ కూసున్నట్టుండాది."

ఇంటికి వచ్చి అత్తతో అన్నాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని రాగిసంగటి గెలుకుతోంది. మా మామ పోయి చాలా ఏళ్లయింది. మంచి కోపిష్టి.

"మీ మామ నన్ను కొట్టినాడు గానీ, ఎంటబడి చూల్లేదే" అంది అత్త, తెడ్డు తిప్పుతూనే. "చేన్లో ఉన్నంతసేపు నాకు మొగుడున్నాడని గూడ గుర్తుండేది కాదు. పొద్దుగూకేదాకా నేను నాదాన్నే."

ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రూతు మార్తమ్మ కూతురు. ఏడో నెల. కాన్పుకు పుట్టింటికి వచ్చి ఊరికే కూర్చోలేక, కళ్లంలో చప్పరం కింద నీడన కూర్చుని తాలు ఏరేది. చిన్నపిల్ల. మా సాహితి కన్నా నాలుగేళ్లు పెద్దదేమో. ఆ రోజు పొద్దున పది కూడా కాకముందే "అక్కా" అని పిలిచింది. గొంతు తేడాగా ఉంది. వెనక్కి తిరిగి చూస్తే, ఎర్రగా ఆరిన మిరపకాయల మధ్య కూర్చున్న ఆ పిల్ల చీర ఎంతమేర తడిసిందో నాకు మొదట అర్థం కాలేదు. ఎరుపు మీద ఎరుపు.

ఆ ఘడియలో నా చేతిలో ఫోన్ లేకుంటే ఏమయ్యేదో. ఊళ్లో ఆటో నడిపే యేసుప్రసాద్‌కు ఫోన్ చేశాను. అతను రూతుకు మేనమామ. ఉన్నవాడు ఉన్నట్టే ఆటో తెచ్చాడు. మా అత్త పాతదుప్పటి తెచ్చి పరిచింది. దూరపు సాళ్లలో ఉన్న మార్తమ్మ పరిగెత్తి వచ్చి ఎక్కింది. రూతు తల నా ఒడిలో, కాళ్లు తల్లి ఒడిలో. ఆటో ఊరు దాటిందో లేదో, ఫోన్ మోగింది.

"యాడికి పోతాండావు? రోడ్డు మీద పోతాండావే."

"రూతుకు రక్తం పోతాంది. ఆత్మకూరు ఆసుపత్రికి తీస్కపోతాండాం. మీ అంగడికి దగ్గరే గదా, రవ్వ ఆడికి రండి."

"వీడియో పెట్టు."

"ఏమి?"

"వీడియో పెట్టు ఒకసారి. ఆటోలో ఎవరుండారు?"

"రూతుకు ఒంటి మీద తెలివి లేదు. ఏమి చూస్తారు మీరు?"

"నువ్వు పెట్టు ముందు."

నేను పెట్టేశాను, ఫోన్. మళ్లీ మోగింది. మళ్లీ. అది మోగిన ప్రతిసారీ రూతు కళ్లు తెరిచి బెదిరినట్టు చూసేది. మార్తమ్మ కూతురి పాదాలు రుద్దుతూ, నా వైపు చూడకుండానే అంది: "ఎత్తు తల్లీ. లేకుంటే ఆయప్ప ఊరుకోడు."

కడుపుతో ఉన్న కూతురు చేతుల్లోంచి జారిపోతున్న మనిషి, నా మొగుడికి కోపం వస్తుందని నాకు జాగ్రత్త చెబుతోంది. నేను ఫోన్ సద్దు తీసేసి జాకెట్లో దోపుకున్నాను.

ఆయన ఆసుపత్రికి రాలేదు. ఆత్మకూరులో డాక్టరమ్మ చూసి, సూదేసి, ఇక్కడ ఆలస్యం చేయొద్దు, నంద్యాలకు పొమ్మని రాసిచ్చింది. మళ్లీ ఎక్కాం. దోవ పొడుగునా జాకెట్లో ఫోన్ వణుకుతూనే ఉంది. ఎదకు ఆనుకుని ఎవరో లోపలికి రావాలని తడుతున్నట్టు.

నంద్యాలలో రూతును లోపలికి తీసుకుపోయారు. కాసేపటికి నర్సు వచ్చి, రక్తం ఎక్కించాలి, ఓ నెగటివ్, అరుదైన గ్రూపు, తెలిసినవాళ్లు ఎవరుంటే వాళ్లను పిలిపించండమ్మా, మేమూ చూస్తున్నాం అంది. మార్తమ్మ నా మొహం చూసింది. యేసుప్రసాద్ నా మొహం చూశాడు. మావాళ్లందరికీ 'మనోళ్లు' అని ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. నూరుమందికి పైనే. నంద్యాలలో చదువుకునే పిల్లలు, కొలువులు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు అందులో. ఒక్క మాట పెడితే చాలు అనుకుని ఫోన్ తీశాను.

తెరవగానే నా మొహమే కనపడింది.

ఎవరి పెళ్లిలోనో తీసిన ఫోటో. పక్కనున్న మా ఆడబిడ్డను కత్తిరించగా ఆమె భుజం ముక్క మిగిలింది. కింద మా ఆయన రాసింది: "మధులత పొద్దున్నుంచి కనపడడం లేదు. ఫోన్ ఎత్తడం లేదు. ఎవరికైనా కనిపిస్తే దయచేసి చెప్పండి."

దాని కింద తెంపు లేకుండా వస్తూనే ఉన్నాయి. అయ్యో దేవుడా. ఎప్పటి నుంచి? పోలీసులకు చెప్పినారా? ఇంట్లో ఏమైనా గొడవనా అన్నా? కాలం మంచిది కాదు. ఈ మధ్య కొత్త ఫోన్ తీసుకుందట గదా, ఎవరితోనైనా మాట్లాడుతుండేదా? దండాలు పెట్టే చేతుల బొమ్మలు, ఏడ్చే మొహాలు.

వెంటనే రాశాను: "నేను నంద్యాల ఆసుపత్రిలో ఉన్నా. ఒక అమ్మాయికి ఓ నెగటివ్ రక్తం అర్జంటుగా కావాలి. నంద్యాలలో ఎవరుంటే వాళ్లు రండి."

"దొరికింది!" అని ఎవరో పెట్టారు. ఇక వరద. దేవుడున్నాడు. హమ్మయ్య. వదినా ఎంత భయపెట్టినావు. ఇంకెప్పుడూ ఇట్ల చేయొద్దు తల్లీ. పూలు, దీపాలు, చప్పట్లు. నేను అడిగిన రక్తం ఆ పూల వెల్లువలో ఎక్కడో పైకి కొట్టుకుపోయింది. మళ్లీ రాశాను. అది కూడా పోయింది. మూడోసారి రాయబోతే ఫోన్లు. ఒకరి తర్వాత ఒకరు. ఎత్తితే పరామర్శ, ఎత్తకపోతే ఇంకొకరు. "రక్తం కావల్ల చిన్నాయనా" అంటే, "అదుండనీలే, ముందు నువ్వు ఇంటికి పోమ్మా, శివుడు పిచ్చోడైపోతాండాడు" అన్నాడొకాయన. పలకని కొండకైనా మొర పెట్టుకోవచ్చు, పలుకుతూ వినని మనుషులతో ఏం చేయాలి?

చివరికి మా ఆడబిడ్డ కొడుకు హర్షవర్ధన్ ఫోన్ చేశాడు. నంద్యాలలోనే చదువుకుంటున్నాడు. "అత్తా, బాగుండావా?" అన్నాడు.

"నా సంగతి ఇడ్సిపెట్టు నాయనా. నీ కాలేజీలో ఓ నెగటివ్ ఎవరికుండాదో బిన్నా కనుక్కో, అర్జంటు."

ఆ పిల్లోడు ఎందుకూ అని కూడా అడగలేదు. తన స్నేహితుల గ్రూపులో పెట్టాడట. ఎవరో ఇద్దరు, మా కులమో గోత్రమో కూడా తెలియని పిల్లలు, బైకు వేసుకుని వచ్చి చేతులు చాచారు. ఫోన్‌లోంచి వచ్చిన మంచి అంటే ఆ పొద్దు నేను కళ్లారా చూసింది వాళ్లనే.

రూతు బతికింది. బిడ్డ దక్కలేదు. మగబిడ్డ. రక్తం ఇంకా ముందే వచ్చి ఉంటే దక్కేవాడా అని డాక్టరమ్మను అడగాలనుకుని నోరు రాక ఊరుకున్నాను. మార్తమ్మ అడగలేదు. ఆమె అడిగి ఉంటే నేను ఆ వరండాలో నిలబడలేకపోయేదాన్ని.

సాయంత్రం ఇల్లు చేరేసరికి వాకిట్లో చెప్పులే చెప్పులు. మా ఆయన మంచం మీద తల వంచుకుని కూర్చున్నాడు. చుట్టూ బంధువులు. ఆయన వీపు నిమురుతున్నారొకరు. "పాపం, పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు" అంటున్నారు ఇంకొకరు. నా చీర ముందుభాగమంతా రక్తం ఎండి అట్ట కట్టి ఉంది. ఇది ఎవరిది, ఏమైంది అని అడిగినవాళ్లు ఒక్కరు లేరు.

ఆయన పెదనాన్న నారాయణ మామ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వంశంలో పెద్దాయన. మెత్తగా మొదలుపెట్టాడు.

"ఏమన్నా ఉంటే పెద్దోళ్లతో చెప్పుకోవల్లమ్మా. ఇట్ల ఇల్లు ఇడ్సిపెట్టి పోతే మేమెట్ల తలెత్తుకోవల్ల?"

"నేను ఇల్లు ఇడ్సి యాడికీ పోలేదు మామా. మార్తమ్మ కూతుర్ని ఆసుపత్రికి తీస్కపోయినా."

"పోతివి సరే. చెప్పి పోవల్ల గదా."

"చెప్పినా" అని మా ఆయన వైపు చూశాను.

ఆయన తలెత్తకుండా అన్నాడు. "ఆటో సద్దులో నాకేమీ ఇనపల్లేదు పెదనాయనా. ఫోన్ ఎత్తకపోతే, నంద్యాల రోడ్డు పట్టి పోతాంటే, మనిషికి భయం కాదా?"

అందరూ తలలూపారు. భయం కాదా మరి.

అప్పుడు మా అత్త వచ్చినవాళ్లకు చెంబుతో మజ్జిగ పోస్తోంది. పోస్తూ పోస్తూ, ఏదో ఇంటి పని గుర్తు చేసినట్టు కొడుకుతో అంది.

"ఇనపడకపోయేదేమిరా? నేను చేసి చెప్తి గదా. రూతమ్మను తీస్కోని మధు ఆసుపత్రికి పోయిందిరా, కూలోళ్లకు బువ్వ ఎవరు తీస్కపోవల్ల అని అడిగితి. నువ్వే పోమ్మా అంటివి గదా."

ఆమె ఇంకొకరి గ్లాసులో మజ్జిగ పోసింది.

మా ఆయన వీపు మీదున్న చెయ్యి మెల్లగా వెనక్కు పోయింది. నారాయణ మామ వాకిట్లో చెప్పుల వైపు చూసి, కండువా సర్దుకుని లేచాడు. "సరే. మనిషి వచ్చింది గదా, అది చాలు" అన్నాడు. ఒక్కొక్కరే పోయారు. పోతూ పోతూ కూడా నాకే చెప్పారు, జాగ్రత్తగా ఉండమ్మా అని.

మర్నాడు పొద్దున ఆయన అంగడికి బయలుదేరుతుంటే గడపలో అడ్డం నిలబడ్డాను.

"తెలిసే పెట్టినారా?"

"వీడియో పెట్టమంటే యాల పెట్టలేదు నువ్వు? నేను అడిగింది అంతే గదా."

అంతే. దాచుకోవాలని కూడా అనిపించలేదు ఆయనకు. పెళ్లయిన నాటి నుంచీ మీరు అని తప్ప అనని నా నోరు అప్పుడు తిరిగింది.

"రక్తంలో పడుండే పిల్లను నీకు చూపీల్లనా? అది చూపీలేదని నన్ను ఊరు మీద వేసినావా?"

"గొంతు తగ్గించు."

"ఆ గ్రూపులోనే రాయి. మధులత చెప్పే పోయింది, మా అమ్మ గూడ చెప్పింది, తెలిసే నేను ఫోటో పెట్టినా అని రాయి."

"పరువు పోతాది."

"నాది పోలేదా?"

"నీకేమయింది? అందురూ ఎంత తల్లడిల్లినారో చూడలేదా? ఆ ప్రేమ కనపడదా నీకు?" అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆ మొహంలో అబద్ధం లేదు. నాకు భయమేసింది అప్పుడే. చేసింది ఏమిటో తెలిసిన మనిషితో కొట్లాడవచ్చు.

ఆయన రాయలేదు. నేను ఆయనకు వడ్డించడం మానేశాను. అత్త పెట్టేది. కోతలు చివరికి వచ్చాయి, ఎండ ముదిరింది. బంధువుల ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఏదో ఉంది, లేకుంటే మొగుడు అట్ల ఎందుకు పెడతాడు అని చాటుగా అనుకుంటున్నారని చెల్లెలే చెప్పింది. చెబుతూ చెబుతూ తనూ అడిగింది, "నిజం చెప్పక్కా, ఏమీ లేదు గదా?"

శివరాత్రి సెలవులకు సాహితి వచ్చింది. పెరట్లో నా తలకు నూనె రాస్తూ జరిగిందంతా విన్నది. విని, చాలా మామూలుగా అంది.

"నాది గూడ నాన్నకు కనపడతాది గదమ్మా. నేను ఫోన్ మంచం మీద పెట్టి పోతా. రూంలోనే ఉండానని అనుకుంటాడు."

"యాడికి పోతావు?"

"యాడికీ లేదు. గేటు బయట టీ తాగేదానికి. ఒకసారి టీ అంగడి కాడ ఉండానని నాన్న వార్డెన్‌కు ఫోన్ చేసినాడు. అందరి ముందర అరిచిందామె. అప్పటి నుంచి ఫోన్ తీస్కపోను."

నా కూతురు టీ తాగడానికి దొంగతనం నేర్చుకుంది. కర్నూలు లాంటి ఊళ్లో చేతిలో ఫోన్ లేకుండా రోడ్డు మీద తిరుగుతోంది. పాము కరుస్తుందని, ఎండకు పడిపోతామని పెట్టిన కాపలా నా బిడ్డను ఒట్టి చేతులతో వీధిలో నిలబెట్టింది. నా గురించి అప్పటిదాకా వచ్చిన కోపం ఏ మూలకూ చాలదనిపించింది.

"తీసెయ్" అన్నాను. "నీది, నాది. తీసేయడం నాకు గూడ నేర్పించు."

అది నూనె చేతులు తుడుచుకుని నేర్పించింది. ఎంతసేపటి పని? రెప్పపాటు. ఇన్నాళ్లు ఇంత సులువైన దానికా నేను తుమ్మచెట్ల వెనక లెక్క చెప్పింది?

మధ్యాహ్నానికల్లా ఆయన అంగడి వదిలేసి ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ అలా రాలేదు. రూతు రక్తంలో ఉన్నప్పుడు రెండు వీధులు దాటి రాని మనిషి, మేము కనపడకపోయేసరికి ఊరు దాటి వచ్చాడు.

"ఎందుకు తీసినారు ఇద్దరూ?"

"నువ్వు మాకు కనపడతావా?" అన్నాను. "నీది పెట్టు. మావి గూడ పెడతాం."

"నాదేమి చూస్తారు? నేను పని మీద తిరిగేవాన్ని."

"మేమేమి చేస్తాండాం నాన్నా?" అంది సాహితి.

ఆయన చెయ్యి చాచాడు. "ఇయ్యండి ఫోన్లు."

"ఇయ్యను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. సాహితి ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని నా వెనక్కు కాదు, నా పక్కకు వచ్చి నిలబడింది.

ఆయన తల్లి వైపు చూశాడు. ఆమె చేటలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. తలెత్తకుండా, "బువ్వ తింటావా, పోతావా?" అంది.

తినకుండానే పోయాడు.

ఆ సాయంత్రమే 'మనోళ్లు' గ్రూపులో నా గొంతుతో చెప్పి పెట్టాను. రాస్తే ఎవరో రాయించారంటారని గొంతుతో చెప్పాను. "నేను మధులతను. ఆ పొద్దు నేను కనపడకుండా పోలేదు. ఇంట్లో చెప్పే పోయినా. నా మొగునికి నేనూ చెప్పినా, మా అత్తా చెప్పింది. తెలిసే ఫోటో పెట్టినాడు. మీరు నన్ను వెతుకుతా ఉన్నప్పుడు నేను రక్తం అడుగుతా ఉంటి. ఒక్కరు గూడ చదవలేదు. ఆ పిల్ల బిడ్డ పోయినాడు. మీకెవరికైనా నా మీద అంత ప్రేమ ఉంటే, ముందు నేనేమి చెప్తాండానో ఇనండి."

ఎవరెవరు విన్నారో సాహితి చూపించింది. ఒక్కొక్క పేరే పెరుగుతూ పోయింది. అందరూ విన్నారు. నూరుమందికి పైగా ఉన్న గ్రూపులో ఒక్క పువ్వు లేదు, ఒక్క దండం లేదు. కొంతసేపటికి తెర మీద ఒక వాక్యం వచ్చింది. నన్ను ఆ గ్రూపులోంచి తొలగించారు. తొలగించింది మా ఆయనే.

కోతలు అయిపోయాయి. కాయ తిక్కీ బస్తాలకెత్తి గుంటూరుకు పంపాం. ఆయన ఇంటికి వస్తాడు, తింటాడు, కావాల్సింది తల్లితో చెబుతాడు. గ్రూపులో రాయమన్న ఆ నాలుగు ముక్కలు ఇప్పటికీ రాయలేదు. నేనూ ఆ మాట వదల్లేదు. ఫోన్ నా దగ్గరే ఉంది, నాకు కావాల్సినప్పుడు మోగుతుంది, వద్దనుకున్నప్పుడు మోగదు. మార్తమ్మ వాళ్ల ఇంటికి పోయేటప్పుడు మాత్రం దాన్ని మా ఇంట్లోనే పెట్టి పోతాను. రూతు కోలుకుని అత్తగారింటికి పోయింది.

ఉగాది ముందర ఒక పగలు, ఆయన అంగడికి పోయినాక, తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే ఆడగొంతు, గుసగుసగా.

"అక్కా, నేను శ్రీవాణిని."

శ్రీవాణి నారాయణ మామ చిన్నకోడలు. కడపలో కాపురం. ఆ రోజు గ్రూపులో దండాలు పెట్టినవాళ్లలో తనూ ఉంది.

"ఎవరి ఫోన్ నుంచి చేస్తాండావు?"

"పక్కింటామెది. నాది మాయన చూస్తాడు, ఎవరికి చేసినానో." గొంతు ఇంకా తగ్గించింది. "నీ మాట ఇన్నానక్కా. ఆ పొద్దే చేయల్లనుకుంటి. భయపడితి. ఆ మ్యాపుది... అదెట్ల తీసేయల్లక్కా?"

నాలో ఇన్నాళ్లు ఎవరి మీద పడాలో తెలియక తిరిగిన కోపం ఒక చోట కూర్చుంది. లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసి, నా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నేల మీద చతికిలబడ్డాను.

"నీ ఫోన్ పక్కన ఉండాదా?"

"ఉండాదక్కా. చేతిలోనే ఉండాది."

"తొందరపడద్దు. మ్యాపు తెరువు. పైన మూలకు నీ బొమ్మ గుండ్రంగా ఉంటాది, చూడు."

"చిన్నగా ఉండాది. ఇదేనా?"

"అదే. దాన్ని నొక్కు."